పళ్లసెట్టుకు మసిలే నీళ్లు

పొయ్యి మీద నీళ్లు సలసల కాగుతున్నాయి. గిన్నెలో మా అమ్మ కట్టుడు పళ్లు! గరిటెతో తీసి చూస్తే సెట్టు వంకర తిరిగిపోయింది. ఆ మధ్యాహ్నమే మా అమ్మాయి నిశ్చితార్థం.

"ఏందమ్మా గీ పని?"

"క్రిములు ఉండొద్దని డాక్టరే చెప్పిండు కదరా!"

చెప్పిన మాట నిజమే. రాత్రింబవళ్లు సెట్టు తీయకపోవడంతో అమ్మ అంగిలి ఎర్రగా పుండు పడింది. క్రిములు చేరకుండా మెత్తని బ్రష్షుతో తోమి, పడుకునే ముందు చన్నీళ్లలో వేయమని ఖమ్మంలో డాక్టరు నా ముందే చెప్పారు. కానీ అమ్మ భద్రాచలంలో ప్రతి వరదకూ నీళ్లు కాచుకుని తాగిన మనిషి. మరిగించనిదేదీ ఆమె లెక్కలో శుభ్రం కాదు.

విందులో మటన్ వడ్డించారు. అమ్మకు ప్రాణం.

"ముక్క ముట్టలేదేంది పెద్దమ్మా?" అంది వియ్యపురాలు.

"ఇయ్యాల ఒక్కపొద్దు బిడ్డా," అంది అమ్మ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

కొత్త సెట్టు చేయించాం. రోజూ తోముతోంది, డబ్బాలో నీళ్లు మారుస్తోంది. "చన్నీళ్లకు క్రిములు సస్తయారా?" అని నన్నే నిలదీస్తోంది. డాక్టరుతో ఫోన్‌లో చెప్పించినా లాభం లేదు. ఇంతవరకు దాన్ని ఒక్కసారి కూడా నోట్లో పెట్టుకోలేదు.