చెయ్యి పైకెత్తమని అడుగు

నాయుడుపేట బస్టాండు నుంచి బజారులోకి మళ్లే సందులో నాలుగు కుట్టుమిషన్లు వరసగా ఉంటాయి. ఆ సందులో అడుగుపెట్టగానే మిషన్ నూనె, కొత్త గుడ్డ కలిసిన వాసన వస్తుంది. తడలో ఉద్యోగం చేసుకుని శనివారం సాయంత్రాలు ఊరికి పోయేటప్పుడు, చుట్టుదారైనా సరే, నేను కావాలనే ఆ సందులోంచి నడుస్తాను. ఆ వాసన తగిలితే జరీనా అక్క పక్కన నిలబడి, "ఏం పిల్లా, ఇయ్యాల ఎవురి మీద అలిగినావు?" అని అడిగినట్టే ఉంటుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆమె మొదటి రోజే కనిపెట్టింది.

ఆ సందులో మొదటి మిషన్ ఒకప్పుడు ఆమెదే. ఊళ్లో సగం మంది ఆడవాళ్ల జాకెట్లు ఆమె చేతిమీదుగా వెళ్లినవే. భర్తకి కిడ్నీలు పాడైతే, వారానికి మూడుసార్లు ఆయన్ని బస్సులో కూర్చోబెట్టుకుని డయాలసిస్‌కి తీసుకెళ్లి తీసుకొచ్చింది. ఆయన పోయాక మిషన్ని తోడికోడలికి ఇచ్చేసి మా సంస్థలో చేరింది. మాది చిన్న స్వచ్ఛంద సంస్థ. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కిడ్నీ రోగుల్ని వ్యానులో ఉచితంగా ఆసుపత్రికి చేర్చడం దాని పని. వ్యాను ఎప్పుడు ఏ ఊరికి పోవాలో చూసుకునేది జరీనా అక్క. నేను అప్పుడే ఇంజినీరింగ్ ముగించి కంప్యూటర్ పని చూడ్డానికి చేరాను.

చేరిన మూడో నెలలో సంస్థకి వెబ్‌సైట్ తయారుచేశాను. అబ్బో, ఏం వెబ్‌సైట్ అది! తెరవగానే ఫొటోలు ఒకదాని వెనక ఒకటి జరుగుతూ వచ్చేవి. అధ్యక్షుల వారు రిబ్బన్ కత్తిరిస్తున్నదొకటి, అధ్యక్షుల వారికి శాలువా కప్పుతున్నదొకటి. పైన మెనూలో మా ఆశయాలు, మా ప్రస్థానం, కార్యక్రమాలు, చిత్రమాలిక, ప్రకటనలు. కమిటీ పెద్దలు నన్ను ఆకాశానికెత్తేశారు. కాకి పిల్ల కాకికి ముద్దు కదా, నేనూ మురిసిపోయాను. జరీనా అక్క మాత్రం ఫోన్లో కాసేపు అటూ ఇటూ జరిపి, "రంగులు బాగుండాయి. వ్యాను యాడుండాది?" అంది.

"కార్యక్రమాల్లోకి పోతే ఆరోగ్యం అని ఉంటుందక్కా. దాని కింద రవాణా అని ఉంటుంది" అన్నాను విసుగ్గా.

"ఊఁ" అని ఫోను నా చేతికిచ్చేసింది. ఆ ఒక్క అక్షరానికి నేను రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

తర్వాత కొన్నాళ్లకి అక్క కూతురి కాన్పుకని పది రోజులు సెలవు పెట్టింది. ఆ పది రోజుల్లోనే ఆసుపత్రివాళ్లు మాకిచ్చిన రోజులు మార్చారు. మంగళవారం పోయే వ్యాను సోమవారం పోవాలి. అక్క ఉంటే ఇంటింటికీ ఫోన్ చేసి చెప్పేది. నేను ఆసుపత్రి ఉత్తరాన్ని స్కాన్ చేసి ప్రకటనల్లో పెట్టి, "సైట్లో పెట్టేశాను, ఇంక ఫోన్లెందుకు?" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చిట్టమూరు దగ్గరి పల్లెలో రమణయ్య అనే ఆయన సోమవారం ఇంట్లోనే ఉండిపోయాడు. మంగళవారం తెల్లవారి నుంచి రోడ్డు మీద నిలబడి మధ్యాహ్నం దాకా వ్యాను కోసం చూశాడు. గురువారానికి ఒళ్లంతా నీరు పట్టి ఊపిరాడలేదు. భార్య పోలమ్మ ఆయన్ని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. బతికాడు.

అక్క తిరిగొచ్చిన రోజు తిడుతుందనే అనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె నన్ను ఆఫీసు బయట బెంచీ మీద కూర్చోబెట్టి ఒక పెళ్లికూతురి సంగతి చెప్పింది.

"మిషన్ కొత్తగా తొక్కతా ఉన్నప్పుడు ఒక పిల్లకి పెళ్లి జాకెట్టు కుట్టినాను. వేసుకోని చూసింది. బాగుందా అంటే, బాగుండాదక్కా అనింది. పీటల మీద తలంబ్రాలు పొయ్యను చేతులు ఎత్తింది చూడు, చంక కాడ పర్రున చినిగింది. అంతమందిలో ఆ పిల్ల చేతులు దించుకోని కూచునింది."

"ముందే బిగుతుగా ఉందని చెప్పొచ్చు కదా ఆ అమ్మాయి?"

"ఎట్ట చెప్తాదే? కష్టపడి కుట్టినోళ్ల మొహాన బాగలేదని మనోళ్లు అంటారా? తప్పు ఆ పిల్లది కాదు, అట్ట అడిగిన నాది. బాగుందా అని అడగబాకు. చెయ్యి పైకెత్తమని అడుగు."

మర్నాటి నుంచి ఆ బెంచీయే మా పనిచోటు. కొత్త గుడ్డకి ముందు వదులుగా కచ్చా కుట్టు వేసి ఒంటికి పెట్టి చూస్తారు కదా, అలాగే ఫోనంత కాగితాల మీద పేజీలు గీసి, వ్యాను కోసం కూర్చున్న వాళ్ల చేతికి ఇచ్చేవాళ్లం. "నీకు వ్యాను కావాల. దీంట్లో ఎట్ట కనుక్కుంటావో వేలు పెట్టి చూపించు" అనేది అక్క. నేను నోరు తెరవకూడదు. మొదటి మనిషికే ఆగలేక, "అది కాదండీ, పైన చూడండి" అన్నాను. అక్క తన గుండుసూదుల దిండు తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇది పట్టుకో, మాట్లాడాలనిపిస్తే గుచ్చుకో" అంది.

పాత సైట్ ఫోన్లో తెరిచి పోలమ్మకి కూడా ఇచ్చాం. ఆమె మొదట, జరుగుతున్న ఫొటో నొక్కింది. అది పెద్దదైంది. "ఈయన ఎవురమ్మా, డాక్టరా?" అని అడిగింది. మళ్లీ నొక్కింది, మళ్లీ ఆయనే వచ్చాడు. చివరికి, "చానా బాగుండాదమ్మా" అని ఫోను తిరిగిచ్చేసింది. ఆ వెబ్‌సైట్ వల్ల మొగుడు చావుదాకా పోయొచ్చిన మనిషి, నేనెక్కడ బాధపడతానో అని బాగుందంటోంది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. అక్క మాత్రం తొణక్కుండా, "సరే పోలమ్మా, నువ్వు దేనికోసం ఎతికినావు?" అని అడిగింది.

"మా ఊరి కోసమక్కా. మా ఊరు యాడా లేదు దీంట్లో."

తర్వాత చూసిన వాళ్లందరి వేళ్లూ అదే వెతికాయి. మన పక్క ఎవరు కనబడినా ముందు అడిగేది మీదే ఊరనే కదా. ఆశయాలూ ప్రస్థానాలూ ఎవరికి కావాలి? కొత్త సైట్ మొదటి పేజీలో ఒకటే ప్రశ్న పెట్టాం, "మీదే ఊరు?" అని. దాని కింద ఊళ్ల పేర్లు. పేరు నొక్కితే వ్యాను వచ్చే రోజు, వేళ, ఆగే చోటు, పెద్ద ఫోన్ గుర్తు. శాలువాలన్నీ చివరి పేజీకి పోయాయి.

అధ్యక్షుల వారికి మొదట అది మింగుడుపడలేదు. అక్క పాత సైట్ తెరిచి వినయంగా ఆయన చేతికిచ్చింది. "సార్, రేపు మీ ఇంట్లోనే ఒకరికి అవసరం వచ్చిందనుకోండి. వ్యాను కనుక్కోండి" అంది. మూడుసార్లు నొక్కితే మూడుసార్లూ ఆయన ఫొటోయే ఎదురొచ్చింది. నాలుగోసారి కళ్లజోడు తీసి, "నన్ను కాస్త పక్కకి తియ్యండమ్మా" అని నవ్వేశారు. అంత పెద్దమనిషిని నొప్పించకుండా ఒప్పించడం అక్కకే చెల్లింది.

ఊళ్ల జాబితా రాసింది నేను. అక్క దాన్ని వేలుపెట్టి రెండుసార్లు చదివి, "మీ కండ్రిగ యాడ?" అంది. మాది పాలచెట్ల కండ్రిగ, ముప్పై గడపలు దాటని పల్లె.

"మా వాళ్లకి సైట్ ఎందుకక్కా? నేనున్నాను కదా, నాకే ఫోన్ చేస్తారు."

"నువ్వు ఉండావని వదిలేస్తే, నువ్వు దొరకని రోజు వాళ్లేం చెయ్యాల?" అంటూ తనే పెన్ను తీసుకుని, వంకర అక్షరాలతో మా ఊరి పేరు అడుగున రాసింది.

జరీనా అక్క పోయి రెండేళ్లవుతోంది. అప్పటికి నేను తడలో ఒక కంపెనీలో చేరాను. అక్కడ లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, గేటు దగ్గర పెట్టెలో పెట్టి పోవాలి. ఈ మధ్యే మా అన్నకి కూడా కిడ్నీలు దెబ్బతిన్నాయి. మడికి నీళ్లు కట్టుకునే మనిషి, అంతకుముందు జబ్బంటే ఏమిటో ఎరగడు. మొన్న ఒక ఉదయం ఉన్నట్టుండి ఆయాసం ముంచుకొచ్చింది. సాయంత్రం గేటు దగ్గర ఫోన్ తీసుకుంటే మా వదిన చేసిన కాల్స్ వరసగా కనిపించాయి. వెంటనే ఆమెకి ఫోన్ చేశాను.

"ఇప్పుడు బాగుండాడులే, ఆసుపత్రిలో రక్తం కడగతా ఉండారు. నీకు ఎన్నిసార్లు చేసినా దొరకలా. ఇంక వ్యానోళ్ల సైట్ తీసినాను. మనూరి పేరు ఉండాది, నొక్కినా, దాంట్లో ఫోన్ గుర్తు నొక్కి చెప్పినా, వచ్చినారు" అంది వదిన.

ఇప్పటికీ నేను చేసిన పని ఎవరికి చూపించినా "బాగుందా?" అన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని మింగేసి, వాళ్ల చేతికిచ్చి, నోరు మూసుకుని చూస్తాను. ఆ సాయంత్రం మాత్రం గేటు పక్కనే నిలబడి సైట్ తెరిచాను. ఊళ్ల పేర్లన్నీ దాటుకుంటూ కిందికి పోతే, అట్టడుగున, అక్క రాసిన చోటే, మా కండ్రిగ ఉంది.