రూటరు మీద అరచెయ్యి

మా ఆఫీసు రూటరు చూసే ఆయన మిషన్ చర్చి మనిషి. అన్నీ సెట్ చేశాక, సేవ్ నొక్కే ముందు, ఆ డబ్బా మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవాడు. ప్రార్థన ముగిసేదాకా కౌల్ బజార్‌లోని మా విత్తనాల ఆఫీసంతా నెట్ లేక చేతులు కట్టుకుని కూర్చోవాలి. నాకు ఒళ్లు మండేది.

అయినా ఆయన్ని ఏదో ఒకటి అడుగుతూనే ఉండేవాణ్ణి. "తెర మీద న్యాట్ అని ఉంది, అంటే ఏంది అంకుల్?" అని ఒకసారి అడిగాను.

"లోపల మీకందరికీ వేరే వేరే అడ్రస్ ఉండాదప్పా. బయటికి పోతే అందరికీ ఒకటే. ఎవరు అడిగినారో ఈ డబ్బా గ్యాపకం పెట్టుకొని, జవాబు వస్తానే వాళ్లకే ఇస్తాది. అది మర్చిపోతే జవాబు యాడికి పోవల్ల?"

కొన్నాళ్లకు ఆయనకు మతిమరుపు జబ్బు వచ్చిందని తెలిసి వాళ్ల ఊరు కురుగోడు వెళ్లాను.

"ఎవరొచ్చినారో చూడు" అంది ఆయన భార్య. కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. నా పేరు చెప్పాను, ఆఫీసు చెప్పాను. మర్యాదకు తల ఊపాడు, అంతే.

"ప్రార్థన చెయ్యి అంకుల్" అని మంచం పక్కన వంగాను. నేనేమో గుడికి పోయే మనిషిని. ఆ అరచెయ్యి వచ్చి నా తల మీద ఆనింది.

"ప్రభువా, కౌల్ బజార్ ఆఫీసులో ఒక పిల్లోడు ఉండాడు. ఊరికే ఏదో ఒకటి అడుగుతాంటాడు. వాణ్ణి సల్లగా చూడు. శానా దినాలాయె, ఈ పక్కకు రానే లేదు. ఆమెన్."

కళ్లు తెరిచి నన్ను చూశాడు.

"వాడు కనపడితే ఒక తూరి రమ్మని చెప్పప్పా."

చెబుతానన్నాను.