మిరపకాయల మీద బూటు గుర్తులు

మా ఇంటిని ఊళ్లో దివాణం అనేవారు. ఇప్పుడది నా ఫోన్‌లో మాత్రమే ఉంది, హత్య జరిగిన స్థలంగా.

గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో ఇంగ్లీషు గ్రామరు చెబుతాను. సాయంత్రాలు ఫ్యాన్ ఫిక్షన్ రాస్తాను. తాతగారి అద్దాల బీరువాలో చదువుకున్న పాత కథల్లోంచి ఒక ఇంగ్లీషు డిటెక్టివ్‌ను అడగకుండా తెచ్చుకుని, పొడుగు కోటుతో సహా పల్నాడు ఎండలో నిలబెట్టాను. చెమటలు కారుతున్నా ఆయన కోటు విప్పడు. పెద్దింటి మనిషి, ఆ బాధ నాకు తెలుసు. కథలో చచ్చే జమీందారు అచ్చం మా తాతగారే. బతికుండగా ఆయన ఎదుట కూర్చునే ధైర్యం లేదు గానీ, మూడో పేజీలో సునాయాసంగా పొడిపించేశాను.

కథలు పెట్టే యాప్‌లో వారానికో భాగం, కలంపేరుతో పెట్టేవాణ్ణి. దివాణం వారసుడు ఇలాంటి పనులు చేస్తున్నాడని ఊళ్లో తెలిస్తే ఇంకేమైనా ఉందా?

ఆఖరి భాగం ఒక్కటే మిగిలింది. కల్లంలో ఆరబోసిన మిర్చి మీద డిటెక్టివ్‌కు బూటు గుర్తులు దొరికాయి. హంతకుడు దివాణంలో కూలీల మీద అజమాయిషీ చేసే మేస్త్రీ అని ముందే నిర్ణయించుకున్నాను. అప్పుడొక పాఠకురాలు కింద ఇలా రాసింది: "కాయల మీద బూట్లతో నడిస్తే పగిలి గింజ రాలిపోదా అండీ? ఈ రచయితగారు కల్లం ఎప్పుడన్నా చూశారా?"

దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. నాకు ఒళ్లు మండింది. "మా వంశం మూడు తరాలు మిర్చి పండించింది" అని జవాబిచ్చాను.

"పండించింది మీరా, మీ కూలోళ్లా?" అని వెంటనే వచ్చింది.

ఆ ఆదివారమే చొక్కా ఇస్త్రీ చేసుకుని, బూట్లకు పాలిష్ పెట్టుకుని వినుకొండ బస్సెక్కాను. మా ఊరు అక్కడికి దగ్గరే. నిజమైన కల్లాన్ని ఒకసారి చూసి, ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చేద్దామని.

మా దివాణం ఉన్న చోటే ఇప్పుడు కల్లం. ఒకప్పుడు మా దగ్గర మేస్త్రీగా ఉన్నాయన కొడుకూ కోడలూ ఆ స్థలం కొనుక్కున్నారు. తాతగారు పడక్కుర్చీ వేసుకునే చోట రంగు పోయిన తాలుకాయలు పోశారు. ఒక పక్కన పదిమంది ఆడవాళ్లు తొడిమలు తీస్తూ, ఫోన్‌లో చూసి ఎవరో చదువుతున్నది వింటున్నారు. చెవి పెట్టాను. నా కథే! గొంతు పెంచి చదువుతున్నది మేస్త్రీ కోడలు.

గుండె ఉప్పొంగి, తల ఎత్తుకుని తిన్నగా వాళ్ల వైపు నడిచాను.

"ఓయ్, బూట్లు! బూట్లు!" పదిమందీ ఒక్కసారి అరిచారు. "కాయ తొక్కేస్తన్నావయ్యా! కళ్లు కనపడట్లేదా?"

కిందికి చూసుకున్నాను. ఆరబోసిన ఎర్రటి కాయల మధ్య నా వెనక చక్కగా, వరసగా, నా బూటు గుర్తులు. ఘాటుకు ఏడు తుమ్ములు వచ్చాయి.

మేస్త్రీ కోడలు లేచి వచ్చి నన్ను ఎగాదిగా చూసింది. "దివాణం అబ్బాయిగారు కదూ?" అంది. యాభై ఆరేళ్లొచ్చినా నేను అక్కడ అబ్బాయిగారినే. తర్వాత గుర్తుల వైపు, చేతిలోని ఫోన్ వైపు చూసి పకపకా నవ్వింది.

"ఈ కథ రాసేది మీరా!"

"నేనెందుకు రాస్తాను?"

"బూట్లేసుకుని కాయల మీద నడిచే మనిషి ఈ చుట్టుపక్కల ఇంకెవరున్నారండీ? హంతకుడు మేస్త్రీయేగా?"

"ఎలా తెలిసింది?" నోరు జారింది.

"మీరు ఇంకెవరి మీదకు తోస్తారు? కానీ మా మామ జన్మలో బూట్లు ఎరగడు. మీ గుమ్మం ముందు చెప్పులన్నా వేసుకోనిచ్చారా? ఆ గుర్తులు మా మామవి ఎట్టా అవుతయ్యో మీ కోటు దొరనే అడగండి."

"ఆ ముసలాయన్ని పొడవాలనుకున్నోళ్లు మా వీధిలోనే ఉండేవోళ్లు," ఒక ముసలావిడ తొడిమ తుంచుతూ అంది. "ఎవరూ బూట్లేసుకుని మటుకు పోరమ్మా."

మళ్లీ నవ్వులు. నా డిటెక్టివ్ ఆరు భాగాలు తిరిగి చెప్పలేనిది మేస్త్రీ కోడలు నిలబడ్డ చోటే తేల్చేసింది. ఆ ఇంట్లో బూట్లు ఉన్నదీ, కాయల మీద బూట్లతో నడవకూడదని తెలియనిదీ ఒక్కడికే, మనవడికి.

బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, కాయల అంచు వెంట బయటికొచ్చాను. బస్సులో అరికాళ్లు మండుతూనే ఉన్నాయి. కిటికీ పక్కన కూర్చుని ఆఖరి భాగం మొత్తం తిరగరాశాను. మేస్త్రీ నిర్దోషిగా బయటపడ్డాడు. డిటెక్టివ్ నేరుగా దివాణం మనవడి ముందుకెళ్లి ఆగాడు. ఇక ఆ కథ ఎవరిదో ఊరంతటికీ తెలుస్తుంది. తెలియనీ అనుకుని పెట్టేశాను.

మనవడు నేరం ఒప్పుకున్నాడు. సంకెళ్లకు చేతులు చాచాడు. బూట్లు సాక్ష్యం, విప్పమంటే మాత్రం "నౌకరును పిలవండి" అన్నాడు.