ముప్ఫై ఏడంగుళాల అనుమానం

అమెరికాలోని మోయాబ్ ఎర్రకొండల మీదికి జీపులెక్కించే జనంలో వెర్లిన్ హాచ్ అంతటి అనుమానప్పక్షి మరొకడు లేడు. కొత్త టైరును ముందు వాసన చూస్తాడు, గోటితో గిల్లుతాడు, పక్కన అచ్చేసిన కొలతను నమ్మక సొంత టేపుతో కొలుస్తాడు. మర్నాడు జీపు క్లబ్బువాళ్లందరి ముందూ కొండెక్కాలి. పోయినేడు సగంలో చతికిలబడి నవ్వులపాలైన పరువును నిలబెట్టుకోవాలి.

దుకాణదారు గార్త్ జీపు కిందికి దూరి చూసి, "నీ బండికి ముప్ఫై మూడంగుళాలవి చాలు గురూ. నువ్వడిగిన ముప్ఫై ఏడంగుళాలవి వేస్తే తిప్పినప్పుడల్లా మడ్‌గార్డుకి రాసుకుంటాయి," అన్నాడు.

పెద్దవి అడిగితే చవకవి అంటగట్టే వ్యాపారిని వెర్లిన్ జన్మలో ఎరగడు. "ఆ చిన్నవి వీడి దగ్గర అమ్ముడుపోక మూలుగుతున్నాయన్నమాట!" అన్నాడు భార్య చెవిలో.

"పాపం, ఉన్నమాట చెప్తున్నాడయ్యా బాబూ," అంది ఓపల్.

"అదేగా నా భయం!"

పెద్దవే బిగించారు. జీపు ఏనుగులా ఠీవిగా రోడ్డెక్కింది. స్టీరింగు కాస్త తిప్పగానే టైరు మడ్‌గార్డును కరకరా నమిలింది. గార్త్ చేతులూపుతూ వెంట పరిగెత్తాడు.

"చూశావా, ఇప్పుడు మడ్‌గార్డు కోస్తాను, దానికీ డబ్బులిమ్మంటాడు!" అని వెర్లిన్ అద్దం ఎక్కించేశాడు.

ఇంటికి ఎడమవైపు తిరగాలి. జీపు మాత్రం తిరగలేక, యజమాని పంతం నిలబెడుతూ, తిన్నగా పక్క రాష్ట్రం కొలరాడో దారి పట్టింది.