ఎవరికీ వినిపించని గిటారు

ఎలక్ట్రిక్ గిటారు ఇంటికి తెచ్చిన రోజున అవ్వ, అంటే మా అమ్మ, దాన్ని ఒకసారి మీటి చూసింది. అది దోమ గీపెట్టినంత చప్పుడు చేసింది. అవ్వ నా ముఖంలోకి జాలిగా చూసింది.

"దుకాణపోడు నిన్ను ముంచిండు బిడ్డా. వాపస్ ఇచ్చిరా."

ఇది కరెంటు గిటారు, యాంప్లిఫయర్ అనే డబ్బాకు తగిలిస్తే తప్ప పలకదు అని చెప్పాను. "మరి గా డబ్బా ఏది?" అంది. అక్కడ దొరికిపోయాను.

డబ్బా కొనలేదు. బడిలో లెక్కలు చెప్పే నా జీతానికి గిటారే ఎక్కువ. పైగా మాది సిరిసిల్ల. మరమగ్గాలను మేం సాంచాలంటాం. మా వాడకట్టులో పగలంతా ఆ సాంచాల మోతే. అవి ఆగిన కాసేపట్లో నేను మొదలుపెడితే ఇంటిమీద రాళ్లు పడటం ఖాయం. అందుకని నా పాత లాప్‌టాప్‌నే యాంప్లిఫయర్ చేసుకున్నాను. గిటారు వైరు అగ్గిపెట్టెంత డబ్బాలోకి, అక్కణ్ణుంచి లాప్‌టాప్‌లోకి, లాప్‌టాప్ నుంచి నా చెవులమీది హెడ్‌ఫోన్లలోకి. తెరమీద యాంప్లిఫయర్ బొమ్మ, దానికి గుండీలు. మౌసుతో ఒకటి తిప్పితే గిటారు గొంతు బొంగురుపోతుంది, ఇంకోటి తిప్పితే ఖాళీ గోదాములో వాయించినట్టు మారుమోగుతుంది. మొదట్లో తీగ మీటాక శబ్దం కాస్త ఆగి వచ్చేది, పిలిస్తే ఆలోచించి పలికే మనిషిలాగ. సెట్టింగుల్లో ఏదో అంకె తగ్గించాక దారికొచ్చింది. ఆ రోజంతా నా అంత మొనగత్తె జిల్లాలో లేదనుకుని తిరిగాను.

ఇంట్లో నా వాయింపును మెచ్చుకున్న మనిషి ఒక్క బాపే, మా నాన్న. రోజూ సాయంత్రం ఎదురుగా మంచంమీద కూర్చునేవాడు. నా వేళ్లు చూస్తూ తల ఊపేవాడు. మోకాలిమీద తాళం కూడా వేసేవాడు. నేను ఆపగానే "మంచిగొస్తుంది బిడ్డా. నిన్నటికంటె ఇయ్యాల నయం" అనేవాడు. నేను ఉబ్బిపోయేదాన్ని.

అసలు బాపుకు చెవులు సరిగ్గా వినిపించవు. తల నెరిసేదాకా సాంచాలు నడిపిన మనిషి. నేసిన బట్ట సేట్లకు పోయింది, మోత బాపు చెవుల్లో మిగిలింది. ఆ మాట ఒప్పుకుంటాడా? "నా చెవులు మంచిగనే ఉన్నయి. మీరే నోట్లె నోట్లె మాట్లాడుతున్నరు" అంటాడు. కరీంనగర్‌లో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోతే మిషను పెట్టుకోవాలన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో బాపు ఒక్కటే మాట అన్నాడు. "చెవుల బిరడా పెట్టుకొని తిరిగితె నలుగురు నవ్వరా?"

నలుగురి దగ్గరికి పోవడం మానేసింది కూడా అప్పుడే. చౌరస్తా హోటల్లో చాయ్ తాగుతూ అందర్నీ నవ్వించినవాడు, ఇప్పుడు ఇంట్లోనే ఉండి 'ఊఁ', 'ఆఁ' తప్ప మాట్లాడడు. మనిషి కళ్లెదురుగానే ఉన్నాడు, మాట మాత్రం రోజుకింత తరిగిపోతోంది. నాకు ఏడుపొచ్చేది. మిషను మాటెత్తితే మంచందిగి వాకిట్లోకి పోయేవాడు. ఇంక నేనూ అడగడం మానేశాను.

అవ్వకు రెండు గొంతులు వచ్చాయి. బాపుతో మాట్లాడేది ఒకటి, అది సందు చివరిదాకా వినిపిస్తుంది. తనలో తాను గొణుక్కునేది రెండోది, అందులో ఎక్కువభాగం బాపుకు తిట్లే. ఎట్లాగూ వినిపించదు కదా అని మనసారా తిట్టుకునేది.

ఒక ఆదివారం సాయంత్రం నేను వాయించడం ఆపగానే బాపు యథాప్రకారం తల ఊపి, "మస్తుగొచ్చింది బిడ్డా ఇయ్యాల" అన్నాడు. వంటింటి గడపమీద చిక్కుడుకాయలు గిల్లుతున్న అవ్వకు ఒళ్లు మండింది.

"ఏం మస్తుగొచ్చిందయ్యా? గది ఎవ్వలకు ఇనవడుతుంది?" అని పెద్ద గొంతుతో ఒర్రింది.

నేను హెడ్‌ఫోన్లు తీశాను. ఇన్నాళ్లూ ఇంత చిన్న విషయం నాకు తట్టలేదు. నా చెవుల్లో అంత మోత ఉంటే లోకమంతా వింటోందనే అనిపిస్తుంది మరి. బాపు అవ్వను చూశాడు, నన్ను చూశాడు.

"నీకు గూడ ఇనవడతలేదా?" అని అవ్వను అడిగాడు. "నాకొక్కనికే ఇనవడతలేదనుకున్న."

నవ్వొచ్చింది, నవ్వలేకపోయాను. గిటారు ఒక్కటేనా? పెళ్లిళ్లలో, పక్కింటివాళ్ల ముచ్చట్లలో, మా అన్నం దగ్గరి కబుర్లలో బాపు తల ఊపిందంతా ఇట్లాగేనా?

చప్పున లేచి హెడ్‌ఫోన్లు బాపు చెవులకు పెట్టాను. ఆ తొందరలో నా కాలు తగిలి, అగ్గిపెట్టెంత డబ్బాకూ లాప్‌టాప్‌కూ మధ్యనున్న వైరు ఊడిపోయిందని చూసుకోలేదు. గిటారు మీటాను. బాపు అడ్డంగా తల ఊపాడు. గుండీ తిప్పి శబ్దం పెంచాను. మళ్లీ అడ్డంగానే ఊపాడు. ఇంకా పెంచాను.

గడపమీద అవ్వ రెండో గొంతులో పడింది. "మెచ్చుకునుడు సూడు. పొద్దుగాల గింత జొన్నగట్క తాగిండు, మల్ల అన్నం ముట్టలే. ఎందుకని అడుగుదామంటె ఒర్రాలె. ఒర్రి అడిగితె కొట్లాట లెక్క ఉంటది."

"ఆకలైతలేదే," అన్నాడు బాపు. "కడుపుల జర మంటగున్నది."

చిక్కుడుకాయ అవ్వ చేతిలోనే ఆగిపోయింది.

"గట్ల బాయిలకెంచి మాట్లాడుతున్నవేందే?" అన్నాడు బాపు మళ్లీ.

"ఈయనకు ఎప్పటిసంది ఇనవడుతుంది?" అని అవ్వ నన్ను అడిగింది. పాపం, ఇన్నేళ్ల తిట్లు గుర్తొచ్చి ఉంటాయి.

తెర చూశాను. డబ్బా వైరు ఊడగానే లాప్‌టాప్ తన సొంత మైకును పట్టుకుంది. ఇంట్లో ప్రతి చప్పుడూ ఆ బొమ్మ యాంప్లిఫయర్‌లోంచి పెద్దదై, బావిలోంచి వచ్చినట్టు మారుమోగి బాపు చెవుల్లో పడుతోంది. మారుమోగే గుండీ తగ్గించాను. ఇంకేదీ ముట్టుకోలేదు.

"మల్ల అను," అన్నాడు బాపు.

"ఏమనాలె?" అని అవ్వ అలవాటుకొద్దీ ఒర్రింది. బాపు ఉలిక్కిపడి రెండు చేతులతో హెడ్‌ఫోన్లు పట్టుకున్నాడు.

"ఒర్రకు. మెల్లగ అను. ఏదన్న అను."

అవ్వ చిక్కుడుకాయల గిన్నె తెచ్చుకుని లాప్‌టాప్ పక్కన కింద కూర్చుంది. కాయలు గిల్లుతూ గిల్లుతూ మొదలుపెట్టింది. చిక్కుళ్లు ముదిరిపోయినయట. పక్కింటామెకు మోకాళ్లు నొస్తున్నయట. పాలు పోసే పొద్దు దాటినా పిల్లి ఇంకా రాలేదట. ఇవన్నీ అరిచి చెప్పేంత పెద్ద సంగతులు కావు. అందుకే ఇన్నేళ్లుగా బాపుకు ఏవీ చేరలేదు. బాపు ఒక్కోదానికి ఒక్కో ప్రశ్న వేశాడు, పిల్లి గురించి రెండు వేశాడు. నా గిటారు మంచంమీద పడి ఉంది, దాన్ని అడిగినవాళ్లు లేరు.

గిన్నె నిండాక అవ్వ లేచింది. బాపు హెడ్‌ఫోన్లు తీయకుండానే నా వైపు తిరిగాడు.

"రేపు కరీంనగర్ బస్సు ఎన్నిగొట్టంగ ఉన్నది బిడ్డా?"

మెల్లగా చెప్పాను. వినిపించింది.