ఆషాఢంలో బెంగళూరికి ఏం పని?

మా ఇంట్లో బెంగళూరికి ఊరికే ఎవరూ వెళ్ళరు. మా ఊరు చింతామణి, అక్కడి బజారులో మాది బట్టలంగడి. బస్సెక్కితే చిక్కపేటలో సరుకు కోసం ఎక్కాలి, దిగితే మూటతో దిగాలి. ఉత్త చేతులతో దిగినవాణ్ణి చూస్తే చాలు, ఎదురంగడి శెట్టి మొదలుకొని జట్కాబండి తోలేవాడి దాకా "ఏమప్పా, యాడికి పోయింటివి?" అని ఆరా తీస్తారు. అందుకే మనసు డాక్టరు దగ్గరికి పోయి వచ్చిన ప్రతిసారీ నేను ఒక మూట మోసుకొచ్చాను. అక్కర్లేని లంగా గుడ్డో, ఎవరూ అడగని రంగు తువ్వాళ్ళో, ఏదో ఒకటి. వకీలు మూట మోయడమేమిటని ఎవరూ అనుకోలేదు. అంగడి బిడ్డ మూట మోస్తే మా ఊళ్ళో వింత కాదు.

అవును, నేను వకీలును. మా వంశంలో మొదటివాణ్ణి. ఎనభైల మొదట్లో మా ఊరి కోర్టులో ఒక సీనియరు దగ్గర చేరాను. లేచి వాదించమంటే బాగానే వాదించేవాణ్ణి. అవతలి వకీళ్ళు కూడా మెచ్చుకునేవారు. దావా కాగితం రాయమంటేనే వచ్చేది చావు. రెండో వాక్యం దగ్గర నా మనసు లేచి వెళ్ళిపోయేది. కిటికీ అవతల పట్టుగూళ్ళ బండి పోతుంటే దాని వెంట పోయేది. వాయిదా ఉందని తెలుసు, చొక్కా కూడా వేసుకుంటాను. ఇంతలో గోడ గడియారం ఆగిపోయి కనబడుతుంది. దాన్ని దించి, విప్పి, మరలు ముందేసుకుని కూర్చుంటాను. అక్కడ కోర్టులో జవాను మా కేసు పిలిచి పిలిచి ఊరుకుంటాడు. కెంచార్లహళ్ళి నుంచి తెల్లవారకముందే బయలుదేరి వచ్చిన రైతు మెట్ల మీద నిలబడి నా దారి చూస్తుంటాడు. ఇది ఏదో ఒకసారి జరిగిందంటే పొరపాటు అనవచ్చు.

"బుర్ర ఉండాదయ్యా నీకు, ఒళ్ళే వంగదు," అన్నాడు సీనియరు. "ఇంకొక్క కేసు ఇట్ల పోయిందంటే నా ఆఫీసు గడప తొక్కొద్దు."

మా నాయన అంత మర్యాదగా కూడా చెప్పలేదు. "చదవేస్తే ఉన్న మతి పోయిందంట. సోమరి నా కొడుకా, గమ్మున వచ్చి అంగడిలో కూసో." సోమరి అన్న మాట నాకు కొత్త కాదు. బడికి పోయే వయసు నుంచీ నా పేరుకు ముందు ఇంటిపేరులా అదే ఉండేది. వినీ వినీ నాకూ అదే నిజమనిపించింది.

భయమేసి నేనే బెంగళూరులో ఒక పెద్దాసుపత్రికి వెళ్ళాను. అక్కడొక చిన్న వయసు డాక్టరమ్మ, ఇంకా పై చదువు చదువుతోంది. కన్నడంలోనే మాట్లాడేది. అందరూ నీకేది చేతకాదని అడిగేవాళ్ళే, ఈమె మాత్రం ఎప్పుడు చేతనయిందని అడిగింది. చాలాసేపు ఆలోచించి చెప్పాను. మా అంగడి అరుగు మీద టైలరు మిషను తొక్కుతుంటే, పక్కన కూర్చుని ఒకసారి దావా మొత్తం ఒకే ఊపున రాసేశానని.

"అయితే అక్కడే రాయండి. ఆయన మిమ్మల్ని పట్టించుకోనక్కర్లేదు. పక్కన ఒక మనిషి పని చేస్తుంటే చాలు," అంది.

రాశాను. పని అయింది! నాకే నమ్మబుద్ధి కాలేదు. నల్లకోటు వేసుకుని టైలరు పక్కన పలక మీద కాగితాలు పెట్టుకుని కూర్చుంటే నాయన తల బాదుకున్నాడు. "వకీలా నువ్వు, కాజాలు కుట్టేవాడివా? బజారులో మానం తీస్తాండావు కదరా!" అయినా తరవాతి రెండు మూడు వాయిదాలు తప్పలేదు. సీనియరు ఏమీ అనలేదు, అదే గొప్ప.

ఆ పైసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ నాతో ఒక మాట చెప్పింది. నాలాగే మనసు ఒకచోట నిలవని పిల్లలున్నారని పుస్తకాల్లో రాశారట. వాళ్ళు పెద్దయ్యాక ఏమవుతారో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదట. "మీది అదే అనుకుంటున్నాను. సోమరితనం మాత్రం కాదు. మీ నాన్నగారిని తీసుకురండి, ఈ మాట ఆయనతో నేను చెప్తాను," అంది. మళ్ళీ చెప్పించుకుని విన్నాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను కూడా. కేసులు గెలవాలన్న ఆశ పక్కకు పోయింది. ఆ మాట నాయన చెవిన పడాలి, అంతే. నేను చెబితే సాకు. డాక్టరు చెబితే నిజం.

ఆశ్చర్యం, నాయన ఒప్పుకున్నాడు. "సరే పోదాం. సరుకు కూడా తేవల్ల," అన్నాడు. తీరా ఆమె రమ్మన్న రోజు ఆషాఢంలో పడింది.

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, కొత్త బట్ట కొనేవాడుండడు. బట్టలంగడివాడు ఆ నెలలో సరుకుకు పోడు. మా తాతల నాటి నుంచీ ఎవరూ పోలేదు.

"ఆషాఢంలో బెంగళూరికి ఏం పనంటే బజారోళ్ళకు నేనేం చెప్పల్ల?" అన్నాడు నాయన. "కొడుక్కి మతి చెడిందని చెప్పల్లనా? శ్రావణం రానీ."

"ఈ నెలాఖరుకు ఆమె చదువు ముగుస్తాది నాయనా. ఊరికి పోతాది."

"పెద్దాసుపత్రప్పా అది. ఒకరు పోతే ఇంకొకరొస్తారు. డాక్టర్లకేం కరువు?"

నేనొక్కణ్ణే వెళ్ళొచ్చు. కానీ ఎందుకు? ఆమె చెప్పాలనుకున్నది నాకు కాదు. ఆ నెలంతా టైలరు పక్కన కూర్చున్నా కలం కదలలేదు. ఒక వాయిదా పోయింది. సీనియరు ఆఖరి అవకాశమన్నాడు.

శ్రావణంలో వెళ్ళాం. నాయన ఉతికిన పంచె, భుజాన ఉత్తరీయంతో పెళ్ళిచూపులకు వచ్చినట్టు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఆమె లేదు. ఆమె బదులు వచ్చిన డాక్టరు తల కూడా ఎత్తలేదు. "ఏనూ ఇల్ల, యజమానరే. స్వల్ప సోమారితన. మాత్రె కొడ్తీని," అన్నాడు. ఏమీ లేదట. కొంచెం సోమరితనమట. మాత్రలిస్తాడట.

నాయన నావైపు తిరిగాడు. ఎగతాళి చేయలేదు. జాలిగా చూశాడు. దారిలో హోటలుకు తీసుకుపోయి మసాలదోసె తినిపించాడు. ఆ తర్వాత చిక్కపేటకు పోయి పండగ సరుకు కొన్నాం. నేను మూట పట్టుకున్నాను. నాకేమీ అనిపించలేదు. ఆ సాయంత్రం వేసుకున్న మొదటి మాత్ర కంటే ముందే అనిపించడం ఆగిపోయింది.

మాత్రలు బాగానే పనిచేశాయి. మనసు ఎక్కడికీ లేచిపోవడం మానేసింది. అలాగని ఏ పని మీదా నిలవలేదు కూడా. కోర్టులో లేచి నిలబడితే మాటలు ఎక్కడో అడుగున కనబడేవి, పైకి రావు. దీపావళికి ముందే నల్లకోటు మడిచి బీరువాలో పెట్టాను. సీనియరు పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు.

అంగడిలో కూర్చున్నాను. పొద్దంతా గుడ్డ కొలిచేవాణ్ణి, చించేవాణ్ణి, మడిచేవాణ్ణి. పట్టుగూళ్ళు అమ్ముకుని జంగమకోటె నుంచి వచ్చే రైతులు, "చిన్న యజమానుడు ఎంత నిదానమో," అనేవారు. మా అమ్మ ఇరుగుపొరుగుతో, "మావాడు కుదురుకున్నాడమ్మా, దేవుడు చల్లగా చూసినాడు," అని చెప్పుకునేది. అందరూ సంతోషంగా ఉన్నారు. నేనూ సంతోషంగానే ఉండి ఉంటాను, నాకు తెలియలేదు.

కొన్నేళ్ళకు, బేరాల్లేని ఒక మధ్యాహ్నం, నాయనా నేనూ ధోవతులు మడుస్తున్నాం. ఉన్నట్టుండి ఆయనకేదో గుర్తొచ్చింది.

"రేయ్, ఆ డాక్టరమ్మ నాతో ఏమో చెప్పల్లని పిలిచినాదంటివే. ఏంది అది?"

"నేను సోమరిని కాదని చెప్పల్లనుకునింది నాయనా."

ఆయన చేతిలో ధోవతి ఆగింది. నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఆ మొహంలో అబద్ధం లేదు.

"ఓస్, ఇంతేనా? నువ్వు సోమరివని నేనెప్పుడంటినప్పా?"

నాకు కోపం రావాలి. వస్తుందేమోనని అంచులు కలిపి మడత పెడుతూ కాసేపు చూశాను. రాలేదు.

"నువ్వనలేదులే నాయనా," అన్నాను.

ఆయన తృప్తిగా తల ఊపి, అన్నానికి లేచాడు.