మూల మావయ్య

మావయ్యకి లోకంలో నచ్చిన చోటు ఒక్కటే, మూల. బస్సెక్కితే వెనక సీటు మూల, పెళ్లికెళ్తే హాల్లో మూల. ఇంట్లో ఏ ఫొటో చూసినా అంచున ఒక మోచేయి కనిపిస్తుంది, అదే మావయ్య. గడియారాలు బాగుచేసే కొట్టు కూడా వీధి మూలమీదే పెట్టాడు. ఇంత ఇష్టంగా మూలనపడ్డ మనిషి ఇంకొకడు ఉండడు.

మేనకోడలికి చదరంగం నేర్పినా అదే వరస. గుర్రం ముందున్న బంటును ఒక్క గడి జరిపి, ఆ ఖాళీలో, ఏటవాలుగా నడిచే బిషప్‌ను కూర్చోబెట్టాలి. దాన్ని ఫియాంకెట్టో అంటారట.

"మూలనున్నవాణ్ణి ఎవరూ పట్టించుకోరే అమ్మడూ. వాడికి మాత్రం ఆ చివరిదాకా కనబడుతుంది," అనేవాడు.

తొలి పోటీలో నలుగురు పెద్దమనుషులు పిల్ల వెనక చేరి, ఎత్తు ఎత్తుకీ "అయ్యో, అయ్యయ్యో" అన్నారు. కంగారులో పిల్ల తన రాజును తనే పడేసి ఓటమి ఒప్పేసుకుంది. అప్పట్నుంచి ఏ పోటీకెళ్లినా మావయ్యది రిఫరీతో ఒకటే గొడవ.

"మా బల్ల మూలకి వేయండి. నడుంనొప్పి, గోడ కావాలి."

"నొప్పి ఎవరికి?"

"నాకు."

"ఆడేది పాప కదండీ!"

"నడుం మా వంశానికి ఉమ్మడి ఆస్తి."

హాలంతా నవ్వేది. పన్నెండేళ్ల పిల్లకి తల కొట్టేసినట్టయ్యేది.

ఆఖరి ఆట వచ్చింది. గెలిస్తే జిల్లా జట్టులో మిగిలిన ఒక్క చోటూ తనదే. తీరా చూస్తే బల్ల వేదిక నడిమధ్య, చుట్టూ జనం. మావయ్య నడుం గురించి ఎంత మొత్తుకున్నా రిఫరీ వినలేదు.

"చూసేవాళ్లు తాడు బయటే ఉండాలి!"

"నేను చూస్తే కదా!" అంటూ మావయ్య తాడు దాటి, పిల్ల కుర్చీ వెనక, ఆటకి వీపు పెట్టి నిలబడ్డాడు. రిఫరీ నిబంధనల పుస్తకం అటూ ఇటూ తిరగేశాడు. ఆట చూడనివాణ్ణి బయటికి పంపే నిబంధన ఎక్కడా దొరకలేదు.

వెనక అలికిడైతే, మళ్లీ ఆ పెద్దమనుషులే అనుకుంది పిల్ల. తిరిగి చూస్తే వెలిసిపోయిన చొక్కా వీపు. ఎవరైనా దగ్గరికొస్తే, "అటు పోండి, అక్కణ్ణుంచి బాగా కనబడుతుంది" అని తరిమేస్తోంది. ఇన్నాళ్లూ గోడ ఎవరికోసం అడిగాడో పిల్లకి అప్పుడర్థమైంది. ఏడుపొచ్చింది గానీ, ఆట గడియారం పరుగెడుతోంది. బిషప్‌ను మూలకి చేర్చింది.

గంటన్నర తర్వాత బిషప్‌కి అడ్డంగా ఉన్న తన గుర్రం పక్కకి దూకి రాజుకి చెక్ చెప్పింది. ఎదుటి కుర్రాడు రాజును కాపాడుకోగానే, బిషప్ బల్లంతా దాటెళ్లి అటు మూలనున్న ఏనుగును కొట్టేసింది. ఇంకో అరగంటకి కుర్రాడు ఓటమి ఒప్పుకున్నాడు.

"గెలిచా మావయ్యా!"

"బిషప్ ఎక్కడ పెట్టావ్?"

"మూలనే!"

"చూసుంటే బాగుండేది," అంటూ తిరగబోయి, "అమ్మో!" అన్నాడు. రెండు గంటలు నిలబడేసరికి నడుం నిజంగానే పట్టేసింది.

పిల్ల తన కుర్చీని హాలు మూలకి ఈడ్చుకెళ్లింది.

"తప్పుకోండి రిఫరీ గారూ. నడుంనొప్పి, గోడ కావాలి."

"నొప్పి ఎవరికి?" అన్నాడాయన అలవాటుగా.

"మా వంశానికి," అంది పిల్ల.